హజరత్ పక్కన చోటు

బందరులో పరుపు కుట్టించుకున్న ప్రతి ఇంటికీ నూరుబాషా మౌలాలి తెలుసు. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని వీధులు తిరిగేవాడు. నమాజు తప్పేవాడు కాదు గానీ ఇంట్లో మాట తెలుగే. అందుకని ఉర్దూ మాట్లాడే సాయిబులు అతణ్ణి తమవాడనుకునేవారు కాదు. హిందువులకు ఎలాగూ కాడు.

అలాంటివాడి చెయ్యి పట్టుకుని శిష్యుణ్ణి చేసుకున్నవారు ఊళ్లో అందరూ పెద్ద హజరత్ అని పిలిచే సూఫీ గురువు. తెల్లదొరల కాలం నుంచీ ఆయన చావడిలో గురువారం సాయంత్రాలు శిష్యులు గుండ్రంగా కూర్చుని, గొంతు కలిపి అరబ్బీలో దేవుడి పేరు తలచుకునేవారు. మొదటిసారి వెళ్లినప్పుడు మౌలాలి గుమ్మం దగ్గరే కూర్చుండిపోతే ఆయనే పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఓ తోళ్ల వర్తకుడు మొహం చిట్లించాడు.

"నీకు ఇరుగ్గా ఉంటే నువ్వే జరుగు," అన్నారు హజరత్.

ఆ ధైర్యంతో మరికొందరు దూదేకులవాళ్లు వచ్చి చేరారు. సాయిబుల పెళ్లిళ్లకు వాళ్లకూ పిలుపులు రాసాగాయి.

స్వరాజ్యం వచ్చిన పదేళ్లకు హజరత్‌కు పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. హైదరాబాదులో చదువుకున్న కొడుకు మొహియుద్దీన్ వచ్చి చావడి చూసుకోసాగాడు. చెడ్డవాడు కాదు. మర్యాదగానే చెప్పాడు.

"మౌలాలి గారూ, మీవాళ్లకి అరబ్బీ సరిగ్గా పలకదండీ. నేర్చుకునేదాకా అరుగు మీద కూర్చోండి."

"హజరత్ గారు ఎప్పుడూ అట్లా అనలేదండీ."

"మంచితనం కొద్దీ ఊరుకున్నారు."

మౌలాలి చావడిలోనే ఓ పక్కన వేసిన హజరత్ మంచం వైపు చూశాడు. ముసలాయన అంతా వింటున్నారు. కళ్లు ఎర్రబడ్డాయి. ఎడంచెయ్యి ఎత్తి ఏదో చెప్పబోయారు. గొంతులో గరగర తప్ప మాట రాలేదు.

"నాన్నగారు అలసిపోయారు," అంటూ కొడుకు దుప్పటి సర్దాడు.

ఆ చెయ్యి ఉండమందో వెళ్లమందో ఎవరికి కావలసినట్టు వాళ్లు అనుకున్నారు. మౌలాలికి తెలుసు. తెలిసి ఏం చేస్తాడు? ఆయన ఇంట్లో ఆయన కొడుకుతోనే తగువు పెట్టుకుంటాడా? లేచి అరుగు మీదికి వెళ్లాడు.

తక్కిన దూదేకులవాళ్లు కొద్ది వారాలకే రావడం మానేశారు. భార్య బీబమ్మకు కడుపు మండిపోయింది.

"ఏవయ్యా, ఆ అరుగు పట్టుకుని వేలాడకపోతే మనింట్లోనే నలుగుర్నీ పిలిచి దేవుణ్ణి తలుచుకోరాదూ?"

"ఆయన సెలవు లేకుండా నేనెట్లా కూర్చోబెడతానే? అడుగుదామంటే ఆయనకి నోరు లేదాయె."

"నీకుందిగా!"

మౌలాలి మాత్రం అరుగు మీదికి వెళ్తూనే ఉన్నాడు. కిటికీలోంచి మంచం కనబడేది. ఒక్కోసారి ముసలాయన చూపు ఇటు తిరిగేది. ఇద్దరి కళ్లూ నిండేవి. అంతకుమించి ఇద్దరి చేతుల్లోనూ ఏమీ లేదు.

వానాకాలంలో హజరత్ కన్నుమూశారు. దివిసీమ నుంచి కూడా జనం వచ్చారు. శవాన్ని మోసుకెళ్లే జనాజాకు మౌలాలి భుజం పట్టాడో లేదో, వెనకనుంచి తోసుకొచ్చినవాళ్లు పక్కకు నెట్టేశారు. బురదలో నిలబడి చూశాడు.

ఏడాది తిరక్కుండానే మొహియుద్దీన్ చావడికి తాళం వేసి హైదరాబాదు వెళ్లిపోయాడు. మౌలాలి ఒక్కడే ఆ అరుగు మీద కూర్చుని గొంతెత్తబోయేవాడు. ఒంటిగొంతు తనకే పరాయిదిలా వినబడి ఆపేసేవాడు. చివరికి బీబమ్మే బలవంతాన గుడివాడ తీసుకెళ్లింది. అక్కడ పనికి కొదవ లేదు.

అక్కడి మసీదులో ఓ పెద్దాయన పలకరించాడు. "మీ గురువెవరండీ?"

మౌలాలి హజరత్ పేరు చెప్పాడు.

"ఎప్పుడూ వినలేదే," అన్నాడాయన.

ఆయన ఎలాంటివారో చెప్పాలని మౌలాలి నోరు తెరిచాడు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు.