బుచ్చిరాములు ముక్కుకు ఎన్ని కథలో!

బుచ్చిరాములుకు ఒకే సంగతిని రెండుసార్లు ఒకేలా చెప్పడం చేతకాదు. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి మారిపోతుంది, సాయంత్రానికి దానికి కొమ్ములు కూడా మొలుస్తాయి. హుజూరాబాద్ నేతగాళ్ళ వాడలో ఆయన నోట పుట్టిన పులులకు జిల్లా అడవంతా ఇచ్చినా చాలదు. భార్య కొమురవ్వ ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన్ని తిడుతూనే ఉంది, "తర్వాతేమైంది?" అని అడుగుతూనే ఉంది.

పంతొమ్మిది వందల అరవై రెండు ఎండాకాలంలో ఆ ఇంట్లో ఒక రభస జరిగింది. కొడుకు కొండల్ షోలాపూర్ మిల్లులో పనికి పోయాడు. ఖాళీగా పడి ఉన్న అతని మగ్గం మీద తాను కూర్చుంటానంది కోడలు బాలలక్ష్మి. ఆ వాడలో ఆడవాళ్ళు కండెలు చుట్టడమే గానీ మగ్గమెక్కిన పాపాన పోలేదు. కొమురవ్వ మూడు రోజులు గొణిగి, చివరికి సరేనంది.

"గని ఒక్క తప్పు జరిగినా దిగాలె. మల్ల ఎక్కుతనంటే ఊకోను," అని షరతు పెట్టింది.

కోడలు మగ్గమెక్కిన మొదటి రోజే, కొమురవ్వ అంగడికి పోయి వచ్చేసరికి బుచ్చిరాములు మొహం మీద తడిగుడ్డ వేసుకుని అరుగు మీద పడి ఉన్నాడు. గుడ్డ తీసి చూస్తే మొహమంతా బూరెలా పొంగి ఉంది.

"అయ్యో, ఏమైందయ్యా?"

"ఎద్దు గుద్దింది."

"మనకు ఎద్దేడిది?"

"మనది గాదు. బాటెంబడి పోయే ఎద్దు. కుడిదిక్కు నుంచి ఉరికచ్చింది."

కరీంనగర్‌లో ఒక డాక్టరుకూ అదే చెప్పాడు. ఆ వాపులో ముక్కు ఎటు తిరిగి ఉందో బ్రహ్మదేవుడికి కూడా కనబడేలా లేదు. పాపం, డాక్టరు రోగి మాట నమ్మాడు. కుడి నుంచి దెబ్బ తగిలితే ముక్కు ఎడమకు వంగి ఉంటుంది కదా అని, మత్తిచ్చి, బలంగా కుడికి నెట్టి కట్టు కట్టాడు. పదిహేను రోజులకు కట్టు విప్పితే ముక్కు కుడిచెవితో రహస్యం మాట్లాడబోతున్నట్టు ఉంది!

ఒక రంధ్రం పూర్తిగా మూసుకుపోయింది. నోటితో ఊపిరి పీలుస్తుంటే దూది నుసి గొంతులో పడి, ఆయన గంటసేపు కూడా మగ్గం మీద కూర్చోలేకపోయాడు. ఇల్లంతా బాలలక్ష్మి మగ్గం మీదే నడిచింది.

కానీ కథలకేం లోటు! ఆ ముక్కు చూసి అడిగిన ప్రతివాళ్ళకూ కొత్తది సిద్ధం. పక్కింటి లస్మవ్వకు తాటిచెట్టు మీంచి పడ్డానన్నాడు. సంఘంలో నూలు పంచేచోట మాత్రం, ఇచ్చోడ అడవిలో ఎలుగుబంటితో కుస్తీ పట్టానన్నాడు.

"మరి ఎలుగ్గొడ్డుకేం గాలేదా?" అని అడిగారు వాళ్ళు.

"దాని ముక్కు సూస్తే నా ముక్కే నయమంటరు."

ఇంతలో మంచి కబురొచ్చింది. పట్నం నుంచి ముక్కుల డాక్టరు నెలకోసారి కరీంనగర్ వస్తున్నాడట. చెడిపోయిన ముక్కును మళ్ళీ విరిచి నిటారుగా నిలబెడతాడట! వాడంతా పండగలా కదిలింది. లస్మవ్వ దిష్టి తీసింది. బస్సులో బుచ్చిరాములు తన ముక్కు పగలగొట్టిన దొంగల కథ ఎత్తుకుంటే, కండక్టరు టికెట్లు కొట్టడం మరిచి వింటూ కూర్చున్నాడు. కొమురవ్వ మాత్రం ఈసారన్నా ఈ మనిషి హాయిగా ఊపిరి పీలిస్తే చాలు దేవుడా అని దారిపొడుగునా మొక్కింది.

డాక్టరు ముక్కును అటూ ఇటూ నొక్కి చూశాడు.

"దీన్ని మల్ల విరగ్గొట్టాలె. మొదలు దెబ్బ ఎటు నుంచి తాకింది? నిజం చెప్పు."

"ఎద్దు, సారూ..."

"ఎద్దు గుద్దితే గింత సన్నటి గాటు పడదు. మొదటి డాక్టర్ నీ మాట విన్నందుకే గిట్లయింది. ఈసారి చెడితే నా చేతుల ఏం లేదు."

జన్మలో మొదటిసారి బుచ్చిరాములుకు కథ రాలేదు. భార్య వైపు దొంగచూపు చూశాడు.

"జర బయట చాయ్ దొరుకుతదేమో సూసి రాపో."

"ఆపరేషన్ ముంగట ఏం తాగద్దన్నరు గదా!"

"నాకు గాదే, డాక్టర్ సాబ్‌కు."

కొమురవ్వ తెర దాటి అక్కడే ఆగింది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమెకు ఆమాత్రం తెలివి అబ్బింది.

"నాడె, సారూ," అంటున్నాడు లోపల. "మగ్గం మీద దారం పట్టుకోని అటిటు ఉరుకుతది సూడుండ్రి, గది. ఎడమదిక్కు నుంచి ఎగిరచ్చి తాకింది. కోడలు కొత్తగ కూసున్నది, తాడు గట్టిగ గుంజింది. తప్పైతే దించేస్తనని మా ముసల్ది ముందే అన్నది. గా పిల్ల ఇప్పుడు నాకన్న మంచిగ నేస్తది సారూ. నా ముక్కు ఎట్లనన్న ఉండనియ్యి, గీ ముచ్చట మాత్రం బయటికి పోవద్దు."

కొమురవ్వకు ముందు ఒళ్ళు మండింది. ఇంట్లో తనకొక్కదానికే తెలియదన్నమాట! తరువాత సిగ్గేసింది. తన షరతుకు భయపడే కదా మొగుడు ముక్కు వంకర చేసుకుని తిరిగాడు. ఆ ఎలుగుబంటీ, ఆ తాటిచెట్టూ, ఆ దొంగలూ ఒక్క పిల్ల కోసమే అనుకునేసరికి నవ్వు తన్నుకొచ్చింది, మొగుడి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. కొంగు నోట్లో కుక్కుకుని, చాయ్ కోసం నిజంగానే పరుగెత్తింది.

మూడు వారాల తరువాత ఇంటి అరుగు మీద కూర్చుని బుచ్చిరాములు రెండు రంధ్రాలతో బుస్సుమని గాలి పీల్చి చూపించాడు. ముక్కు కమ్మీలా నిటారుగా ఉంది. వాడంతా విరగబడి చూసింది.

"గిప్పుడన్న నిజం చెప్పు రాములన్నా," అంది లస్మవ్వ. "గది ఎట్ల పలిగింది?"

లోపల బాలలక్ష్మి మగ్గం చప్పుడు ఆగిపోయింది. బుచ్చిరాములు గొంతు సవరించుకున్నాడు. ఆయన కంటే ముందు కొమురవ్వ అందుకుంది.

"నేనే కొట్టిన, చాటతోని!"

"ఎందుకే?"

"కత చెప్పుకుంట చెప్పుకుంట సగంల ఆపిండు. ఊకుంటనా మరి?"

అరుగంతా గొల్లున నవ్వింది. బుచ్చిరాములు భార్య మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. ఆనాడు ఆమె తెర వెనకే నిలబడి అంతా విన్నదని ఆయనకు అర్థమైంది.

"చాటతోని గాదు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ, "రోకలితోని."

"బాలలక్ష్మీ, నువ్వెందుకు ఆపినవ్ బిడ్డా?" అని లోపలికి కేకేసింది కొమురవ్వ. "గీయన కతలు ఎంత ఇన్నా ఒడిసేటియి గావు, నువ్వు నేసుకో."