పూజ రోజు నేనివ్వని తాళం

మా ఆయన రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డులో ఫిట్టరు. ఆయన పోయాక బిలాస్‌పూర్‌లోనే ఒక ఐటీఐలో ఊడ్చే పనికి కుదిరాను. తొంభైలు మొదలైన రోజులు. అప్పుడే అక్కడికి కంప్యూటరుతో నడిచే లేత్ మిషన్ వచ్చింది. చేత్తో చక్రం తిప్పక్కర్లేదు. అంకెలు కొడితే ఇనుమును అదే చెక్కుతుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో ఇక అన్నీ ఇవేనని మాస్టారు పిల్లలకు చెప్పేవారు. ఆ గది తాళంచెవి నా కొంగున ఉండేది.

ఆ బ్యాచిలో ఒక్కతే ఆడపిల్ల. తార్‌బహార్ పేటలో మా వెనక వీధే. నన్ను పిన్నీ అనేది. మగపిల్లలు మిషన్ చుట్టూ మూగితే దీనికి వంతు వచ్చేది కాదు. వెనక నిలబడి పుస్తకంలో రాసుకునేది. ఇంతలో రాయ్‌పూర్ దగ్గర ఫ్యాక్టరీవాళ్లు మిషన్ మీద పరీక్ష పెట్టి ఉద్యోగాలిస్తామని కబురు పంపారు. పరీక్ష విశ్వకర్మ పూజ మర్నాడు.

పూజ ముందురోజు మాస్టారు ఊరికి వెళ్తూ నాతో అన్నారు: "రేపు ఆ పిల్ల వస్తాది. గది తీసియ్యమ్మా. ఒక్కర్తీ రెండు గంటలు చేసుకుంటే చేతికి అలవాటవుతాది."

"అలాగే బాబూ" అన్నాను.

మా రైల్వేవాళ్లకు ఆ రోజు పనిముట్టే దేవుడు. కడిగి, బొట్టుపెట్టి, ముట్టకుండా వదిలేయాలి. ఒక ఏడు పూజ సాయంత్రం, ఇంజిను బయలుదేరాలంటే మా ఆయన పానా పట్టారు. దీపావళి దాటకుండా కామెర్లతో పోయారు. ఆ రెండిటికీ నేను ముడి వేసుకున్నాను.

పూజనాడు మిషన్‌కు బంతిపూల దండ వేసి, తాళం పెట్టి మెట్టు మీద కూర్చున్నాను. పిల్ల వచ్చింది.

"పిన్నీ, తాళం తియ్యి."

"ఇయ్యాలేటే? దేవుడి మీద చెయ్యేస్తావేటి?"

"దేవుడికి నేను చెప్పుకుంటాన్లే. దండ కూడా తియ్యను, పక్కకి జరుపుతానంతే."

"నోటికి తక్కువ నేదు నీకు."

"సార్ చెప్పలేదేటి?"

భయమేస్తోందే అని చెప్పాల్సింది. చెప్పలేదు. "మీ సారే వద్దన్నారు. ఇయ్యాల ఎవర్నీ రానియ్యొద్దన్నారు" అనేశాను.

దాని మొహం మాడిపోయింది. "అచ్ఛా. మగపిల్లలొస్తే సార్ తియ్యమనుందురు" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో కత్తిపీట వేసుకుని వంకాయలు తరుగుతున్నాను. సగంలో చెయ్యి ఆగింది. కత్తిపీట పనిముట్టు కాదా? ఏ పూజనాడూ దాన్ని వదిలింది లేదే! అప్పుడైనా లేచి వెళ్లొచ్చు. వెనక వీధే, తాళంచెవి కొంగునే ఉంది. కోసిన వంకాయలు నల్లబడతాయని తరుగుతూ కూర్చున్నాను. నా మాటలు రాసుకుంటున్నారుగా, ఇది కూడా ఉన్నదున్నట్టు రాయండి.

పరీక్షలో అంకెలన్నీ తెలిసే ఉన్నాయట దానికి. మీటలు ఎక్కడున్నాయో వెతుక్కునేసరికి టైము అయిపోయిందట. నలుగురు మగపిల్లలకు ఉద్యోగాలొచ్చాయి. ఇది స్టేషన్ దగ్గర జిరాక్స్ దుకాణంలో చేరింది.

తిరిగొచ్చి మాస్టారు అడిగితే "పిల్ల రాలేదు బాబూ" అన్నాను. ఆయనకు దాని మీద కినుక. ఆయన ఎదురైతే అది తల తిప్పుకునేది. ఇద్దరి మధ్యా నిలబడింది నా అబద్ధం.

రెండేళ్లకు మాస్టారికి బదిలీ అయింది. సాగనంపడానికి పాత పిల్లలంతా ప్లాట్‌ఫారం మీదికి వచ్చారు. ఆయన కిటికీలోంచి చూసి, "ఆ పిల్ల రాలేదేటమ్మా? అందరిలోకీ బుర్రున్నది అదే" అన్నారు.

నిజం నోటిదాకా వచ్చింది.

"దుకాణం కద బాబూ, పనుంటాది" అన్నాను. బండి కదిలింది.