వంకర శ్రీకారం

మా ఆయన వీరరాఘవరావు గారి దస్తూరీ గురించి రేపల్లెలో తెలియనివాళ్ళు లేరు. ప్రైమరీ స్కూలు మాస్టారుగా రిటైరయ్యారు గానీ, శుభలేఖల మీద పేర్లు రాయాలన్నా, పెళ్ళి పందిరి ముందు బోర్డు రాయాలన్నా ఇప్పటికీ ఆయన్నే వెతుక్కుంటూ వస్తారు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ ముత్యాల గర్వం ఇంతా అంతా కాదు. పాలవాడికి చీటీ రాసినా పైన శ్రీ ఉండాల్సిందే. శ్రీ లేకుండా మొదలెట్టిన పని మైల పనే ఆయన లెక్కలో.

ఎండాకాలం రాగానే దుబాయ్‌లో ఉన్న తెలుగువాళ్ళంతా పిల్లల్ని తీసుకుని ఇండియా పరుగెడతారు. మేం మాత్రం ఆ ఏడాది ఎదురు వచ్చాం. కోడలికి ఆఫీసులో సెలవు దొరకలేదు, పిల్లని చూసుకునే మనిషి కావాలన్నాడు మా అబ్బాయి నాగచైతన్య. వాళ్ళు ఉండేది అజ్మాన్‌లో. అయినా మా వీధిలో అందరికీ మేం వెళ్ళింది దుబాయే.

మనవరాలు వైదేహి మూడో క్లాసు. నోరు విప్పితే ఆపదు, కాగితం కనబడితే బొమ్మ వెయ్యకుండా వదలదు. అన్నం కుడిచేత్తోనే తింటుంది, అది నేనే పట్టుబట్టి నేర్పించాను. రాతా, బొమ్మలూ మాత్రం ఎడం చేత్తో. మా ఆయనకి అది కంట్లో నలుసు. పొద్దున లేచింది మొదలు ఒకటే పాట.

"ఆ చెయ్యి కాదు. వైదూ, ఆ చెయ్యి కాదమ్మా."

"నాన్నా, వదిలెయ్. స్కూల్లో కూడా తప్పు లేదన్నారు" అని చైతన్య రెండు మూడుసార్లు చెప్పి చూశాడు.

"మీ స్కూలు సంగతి నాకు చెప్పకురా. ఎంతమంది చేతులు దిద్దాననుకున్నావు?" అనేవారు మాస్టారు. ఆ మాట గొప్పగా చెప్పుకునేవారు. నేనూ గొప్పగానే విన్నాను, అబద్ధం ఎందుకు!

ఆ వేసవిలోనే అక్కడ ఒక బొమ్మల క్లాసు మొదలైంది. అబ్బాయి వాళ్ళ వీధి చివర కెఫెటేరియా ఉంది, దాని పై అంతస్తులో హాలు. తాతలూ బామ్మలూ మనవలతో కలిసి బొమ్మలు వెయ్యడం, మట్టి పిసకడం, కాగితాలు కత్తిరించడం నేర్చుకోవచ్చట. ఒక పిల్లకి ఒక పెద్ద మనిషి చొప్పున. చైతన్య వాళ్ళ నాన్న పేరే ఇచ్చాడు. నేను తోడు వెళ్ళి వెనక కుర్చీలో లేసు అల్లుకుంటూ కూర్చునేదాన్ని. నేర్పే అమ్మాయి ఎలీనా, కాకినాడ నుంచి వచ్చిన నర్సు జ్ఞానకుమారి గారి కూతురు. ఇక్కడే పుట్టి పెరిగింది. మాటల్లో అమ్మ నేర్పిన తెలుగు, మధ్యలో హిందీ, పని మొదలెట్టాలంటే "యల్లా", ముగించాలంటే "ఖలాస్".

మొదట్లో మా మాస్టారు ఆ హాలుకి మహారాజు. కావలి వైపు నుంచి వచ్చిన బుడేన్ సాహెబ్ అని ఒకాయన ఉండేవారు, కొడుకు అక్కడికి దగ్గర్లో సజ్జా అనే చోట ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆయన తన మనవడి పేరు రాయించుకుని "అరె, అచ్చేసినట్టుందే మాస్టారూ!" అన్నాడు. అంతే, మర్నాటి నుంచి అందరికీ మా ఆయన చేతే రాయించుకోవాలని సరదా. వైదేహి తల ఎగరేసుకుని "మా తాతే!" అని చెప్పుకునేది. ఆ ముచ్చట చూసి నేనూ మురిసిపోయాను.

ఆ ముచ్చట నేమ్‌ప్లేటు రోజున తీరిపోయింది.

ఇంటి తలుపుకి తగిలించుకునే చెక్క పలక ఇచ్చింది ఎలీనా. తాతయ్య ఇంట్లోవాళ్ళ పేర్లు రాయాలి, పిల్లేమో వాటి చుట్టూ పూలూ పిట్టలూ వెయ్యాలి. మా ఆయన చెక్క తుడిచి, స్కేలు పెట్టి గీతలు గీస్తున్నారు. ఆయన సంబరం చూసి పిల్లకి తనూ ఏదైనా చెయ్యాలనిపించింది. తాత ఏ పనికైనా ముందు ఏం రాస్తాడో దానికి తెలుసు కదా! కుంచె ఎర్ర రంగులో ముంచి, నాలుక బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా చెక్క పైభాగాన శ్రీ మొదలెట్టింది. ఎడం చేత్తో.

ఆయన తలెత్తి చూశారు. మరుక్షణం ఆ చిన్న చేతి మీద ఛెళ్ళున కొట్టారు.

"శ్రీకారం ఎడం చేత్తోనా! బుద్ధుందా?"

కుంచె ఎగిరి బుడేన్ సాహెబ్ తెల్ల చొక్కా మీద పడింది. హాల్లో అందరి చేతులూ ఆగిపోయాయి. నాకు భూమి చీలి అందులోకి వెళ్ళిపోతే బాగుండుననిపించింది. "ఫర్వాలేదు, ఉతికితే పోద్ది" అంటున్నాడు ఆ పెద్దాయన, చొక్కా తుడుచుకుంటూ. చొక్కా సంగతి ఎవడిక్కావాలి? పిల్ల ఏడిస్తే బాగుండేది. ఏడవలేదు. దెబ్బ తగిలిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండో చెయ్యి కప్పుకుంది.

ఆ రోజు నుంచి ఆ ఎడం చెయ్యి మాకు కనబడటం మానేసింది. బల్ల దగ్గర కూర్చుంటే తొడ కింద పెట్టుకునేది. కార్లో అంతే. టీవీ ముందు అంతే. బొమ్మలు కుడిచేత్తో వేస్తోంది. నిన్నటిదాకా పిట్ట గీస్తే ఎగిరిపోతుందేమో అన్నట్టు వేసిన పిల్ల, ఇప్పుడు వేసింది ఏమిటో చెప్తే గానీ తెలియడం లేదు. వేసి, ఏమీ అనకుండా చించి చెత్తబుట్టలో వేసేది. వాగుడు కూడా తగ్గిపోయింది.

"చూశావా సుభద్రా, దారిలోకొచ్చింది" అన్నారు మా ఆయన.

"ఏం దారి? పిల్ల నోరు పడిపోయింది, అదీ మీరు చూపించిన దారి" అన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన పేపరు తిరగేసుకున్నారు.

తర్వాతి క్లాసులో ఎలీనా ఒక ఆట పెట్టింది. రోజూ వాడని చేత్తో అందరూ ఒక సున్నా గీయాలట. "యల్లా, తాతగారులందరూ మళ్ళీ చిన్నపిల్లలైపోవాలండి!" అంది. ఒకటే నవ్వులు. ఒకరిది వంకాయ, ఒకరిది బంగాళాదుంప. వైదేహి మాత్రం కదల్లేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

ఎలీనా దాని పక్కన వంగింది. "నువ్వు గీయవా నాన్నా?"

"నాకు ఏ చెయ్యో తెలీదు మిస్. ఇదైతే నాకు రాదు" అని కుడి భుజం ఎగరేసింది. తర్వాత ఎడం భుజం కొంచెం కదిలించి, గొంతు తగ్గించి, "ఇదైతే తాతకి కోపం" అంది.

అది నాకే వినబడిందంటే మా ఆయనకి వినబడకుండా ఎలా ఉంటుంది? ఆయన మొహం కందిపోయింది. అందరి చూపులూ తప్పించుకోవాలని గబుక్కున చాక్‌పీసు అందుకుని కాగితం మీద సున్నా గీసేశారు. ఒక్క ఊపులో. గాజు పెట్టి గీసినట్టు వచ్చింది.

ఎడం చేత్తో.

బుడేన్ సాహెబ్ ఆ కాగితం ఎత్తి చూశాడు. "అరె మాస్టారూ! మీది పుట్టుకతోనే ఎడమ చెయ్యి కదా!"

వైదేహి చటుక్కున తలెత్తింది. ఎన్ని రోజులకో ఆ మొహంలో వెలుగు. "తాతా, నువ్వూ లెఫ్టీనా?"

ఒక్క మాట చాలు అక్కడ. ఒక్క 'అవును'. మా ఆయన చాక్‌పీసు కుడిచేతిలోకి మార్చుకున్నారు.

"కాదు" అన్నారు. "ఏదో అట్టా కుదిరింది."

పిల్ల కాసేపు ఆ సున్నా వంక చూసింది. "అయితే నేనొక్కదాన్నే" అని మళ్ళీ తల దించుకుంది.

ఆ సాయంత్రం వంటింట్లో గోరుచిక్కుళ్ళు తుంచుతుంటే ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నాకు అప్పటికే ఒక్కొక్కటీ గుర్తుకొస్తోంది. ఈ మనిషి దోమని కొట్టేది ఎడం చేత్తో. గోడకి మేకు కొట్టేది ఎడం చేత్తో. మామిడికాయ చెక్కు తీసేది, నేను వంటింట్లో లేనప్పుడు, ఎడం చేత్తో. అన్నీ చూశాను. ఒక్కటీ పట్టించుకోలేదు.

"నిజమేనా?" అన్నాను.

"మా నాన్న వీపు వెనక్కి కట్టేవాడే" అన్నారు ఆయన. "తువ్వాలుతో. ఎడం చెయ్యి వెనక్కి కట్టి, పలక ముందు పడేసి దిద్దమనేవాడు. చుట్టాలొస్తే దాచుకోమనేవాళ్ళు. పెళ్ళిచూపుల్లో కూడా మా అమ్మ చెవిలో ఊదింది, కాఫీ గ్లాసు కుడిచేత్తో అందుకోరా, పిల్ల తరఫువాళ్ళు చూస్తే పరువు పోతుంది అని."

"ఇన్నేళ్ళూ నా పక్కనుండి నాకే చెయ్యి దాచారా!"

"అలవాటైపోయిందే. ముత్యాల్లాంటి అక్షరాలు అంటారే, అవి అట్టా వచ్చినవి." ఆయన తన ఎడం చేతి వంక చూసుకున్నారు. "స్కూల్లో ఎడంచేతి పిల్లలొస్తే నేనూ..."

పూర్తి చెయ్యలేదు. చెయ్యక్కర్లేదు కూడా. ఆయన బెత్తం ఎట్టాంటిదో ఊరందరికీ తెలుసు. అయ్యో పాపం అనాలనిపించింది, అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

"నాకు చెప్పి ఏం లాభం? ఆ పిల్లకి చెప్పండి. రేపటి క్లాసుకి రానంటోంది."

"ఎట్టా చెప్పనే? సిగ్గుగా ఉంది."

"కొట్టినప్పుడు లేదా సిగ్గు?" అన్నాను. ఆయన లోపలికెళ్ళిపోయారు. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. నేనూ బతిమాలలేదు.

మర్నాడే చివరి క్లాసు, దానికి అమ్మానాన్నలు కూడా వస్తారు, చేసినవన్నీ చూపించాలి. వైదేహిని వాళ్ళమ్మ ఎట్టాగో బుజ్జగించి తీసుకొచ్చింది. అందరి నేమ్‌ప్లేట్లూ మెరుస్తున్నాయి, మాది తప్ప. మా చెక్క మీద పేర్లున్నాయి, ఒక్క పువ్వు లేదు. పైన ఆ రోజు ఆగిపోయిన ఎర్ర మరక అట్టాగే ఉంది.

మా ఆయన లేచి నిలబడ్డారు. కుంచె ఎడం చేత్తో తీసుకున్నారు. కొడుకూ కోడలూ చూస్తున్నారు, హాలంతా చూస్తోంది. ఆ మరక పక్కన శ్రీ రాయడం మొదలెట్టారు. సున్నా గీయడం వేరు, అక్షరం వేరు. ఆ చేతిని ఏనాడూ ఎవరూ అక్షరం రాయనివ్వలేదు కదా! గీత ఒక పక్కకి ఒరిగింది, రంగు కారింది. శ్రీ కాస్తా ఒకటో క్లాసు పిల్లాడు పలక మీద రాసినట్టు తయారైంది. రేపల్లెలో ఎవరైనా చూస్తే మాస్టారు రాశారంటే చచ్చినా నమ్మరు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఎవరో నవ్వు ఆపుకోవడం కూడా వినబడింది.

"నేనూ లెఫ్టీనే వైదూ" అన్నారు, అందరూ వినేటట్టు. "ఆ రోజు అబద్ధం చెప్పాను. నిన్ను కొట్టడం నాదే తప్పు."

పిల్ల ఆ శ్రీ వంక చూసింది, తాత వంక చూసింది. మెల్లగా దగ్గరికొచ్చి కుంచె అందుకుంది. కుడిచేత్తో.

"ఆ చెయ్యి కాదమ్మా" అన్నారు ఆయన. ఎంతో మెత్తగా అన్నారు, ప్రేమగానే అన్నారు. కానీ అవి ఆ పాత మాటలే కదా! పిల్ల ఉలిక్కిపడి కుంచె వదిలేసి, రెండు చేతులూ గౌను వెనక్కి దాచేసుకుంది.

మా ఆయన మొహం ఆ క్షణంలో ఎట్టా ఉందో నేను చెప్పలేను. చెప్పు తీసుకుని కొట్టినా ఒక మనిషి మొహం అట్టా అవదు. ఇంకేం మాట్లాడినా ఆ పిల్ల బెదిరిపోతుందని అర్థమైపోయింది. కుర్చీలో కూలబడి, తన కుడిచేతిని తొడ కింద పెట్టుకుని, తల దించుకుని కూర్చున్నారు. ఇన్ని రోజులూ ఆ పిల్ల కూర్చున్నట్టే.

ఎలీనా మధ్యలో కల్పించుకోలేదు, ఆ అమ్మాయికి దణ్ణం పెట్టాలి. కాసేపటికి వైదేహి గౌను వెనక నుంచి ఎడం చెయ్యి బయటికొచ్చింది. కుంచె తీసుకుంది. ఆ వంకర శ్రీని దిద్దకుండా, దాని పక్కన ఒక చిన్న పిట్టని వేసింది.

ఆ పలక ఇప్పటికీ అజ్మాన్‌లో మావాళ్ళ తలుపుకి ఉంది. ఈ వేసవిలో మళ్ళీ వచ్చాం. వచ్చినవాళ్ళందరూ "పైన శ్రీ పాప రాసిందా?" అని ముచ్చటగా అడుగుతారు. "కాదండీ, నేనే" అంటారు మా ఆయన. ప్రతిసారీ చెవులు ఎర్రబడతాయి. తీసేసి మంచిది రాసుకోండి అని కోడలు చెప్పినా ఒప్పుకోలేదు.

పిల్ల బాగానే ఉంది, మళ్ళీ వసపిట్టలా వాగుతోంది, బొమ్మలన్నీ ఎడం చేత్తోనే వేస్తోంది. కానీ ఒక్కటి మాత్రం పోలేదు. తాత గదిలో ఉంటే చాలు, పెన్సిల్ పట్టుకునే ముందు ఒక్కసారి ఆయన మొహం వంక చూస్తుంది. అది చూసినప్పుడల్లా ఆయన లేచి బాల్కనీలోకి వెళ్ళిపోతారు, ఆ ఎండలోకే.