చారలు చెరిగిన చుక్క

బందరులో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక నాకు మిగిలింది ఒక టెలిస్కోపూ, నా పిచ్చిని భరించే ఇల్లాలూ. మా ఇంట్లో ఏ ప్రయోగానికైనా బోణీ ఆవిడే. అన్నీ సరిచేసి నేను పక్కకు తప్పుకుంటే, ఆవిడ చూసి "బావుందండీ" అనాలి. ఆ తర్వాతే బయటివాళ్లకు చెప్పడం.

ఆవిడకు షుగరు. అది కళ్లకు పాకితే గుడివాడలో సూదులు వేయించాం. ఎలా ఉందే అనడిగితే "నయమేనండీ" అనేది. అమ్మయ్య అనుకుని నా అట్టముక్కల్లో నేను పడేవాణ్ణి.

పెద్ద అబ్జర్వేటరీల్లో దూరదూరంగా ఉన్న టెలిస్కోపుల వెలుగును ఒకచోట కలుపుతారు. కలిసినచోట చారలు పడతాయి. ఆ చారల్లోంచే చుక్క బొమ్మను బయటికి లాగుతారు. మనకంత తాహతెక్కడిది? పాత శుభలేఖ అట్టలకు రెండు చిల్లులు పెట్టి టెలిస్కోపు మూతికి తొడిగాను. అట్టలు జరిపితే చిల్లుల మధ్య దూరం పెరుగుతుంది. ఒంటి చుక్కైతే చారలు నిలుస్తాయి. జంట చుక్కైతే చిల్లులు ఒకానొక దూరానికి రాగానే, ఒకదాని చారల సందుల్లో రెండోదాని చారలు పడి మొత్తం చెరిగిపోతాయి. చెరిగాయంటే అక్కడ ఇద్దరున్నట్టే.

వారం రోజులు నా నోట చారల మాట తప్ప మరోటి లేదు. వేసవిలో బందరు ఆకాశాన్ని నమ్మలేం, ఉప్పుగాలికి చెమరుస్తూనే ఉంటుంది. ఆ సాయంత్రం ఎందుకో నిలకడగా ఉంది. అట్ట జరుపుతుంటే చారలు మాయమయ్యాయి. ఆవిణ్ణి డాబా మీదికి కేకేశాను. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కన్ను ఆనించింది.

"చాలా బావున్నాయండీ చారలు. సన్నగా, పట్టుచీర అంచులా."

"కదిలించావా ఏంటి?" అని విసుక్కుంటూ నేను చూశాను. ఒక్క చారా లేదు. మళ్లీ చూడమన్నాను.

"ఇందాకటికన్నా బాగా కనిపిస్తున్నాయి" అంది.

ప్యాకెట్ బియ్యంలో రాళ్లెక్కడివండీ అంటూ ఆవిడ బియ్యం ఏరడం మానేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"అసలు చుక్కైనా కనిపిస్తోందా?"

"మీరంత సరదాగా పిలుస్తుంటే లేదని ఎలా చెప్పనండీ" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఆవిడే నా వీపు నిమిరి, చల్లారిపోతోంది భోజనానికి పదండంది. మెట్ల దగ్గర చేయి పట్టుకోబోయాను.

"ఈ మెట్లు నాకు తెలుసు లెండి" అంది. "మీరే చూసుకుని దిగండి."