చిరిగిన పేజీని చదివిన పిల్ల

హెబ్బగోడిలో ఫ్యాక్టరీ పనివాళ్ళు అద్దెకుండే సందుల మధ్య ఉంటుంది మా బడి. ఐదో తరగతితో అక్కడ చదువు అయిపోతుంది. ఆ తరువాత పిల్లలు వేరే బళ్ళకు వెళ్ళిపోతారు. కన్నడం తప్ప ఐదో తరగతి పాఠాలన్నీ నేనే చెప్తాను. చివరి టర్మ్‌లో ఊపిరాడదు. లెక్కల్లో భిన్నాలు, సైన్సులో జీర్ణవ్యవస్థ, సోషల్లో రాజ్యాంగం, ఇంగ్లీషులో ఉత్తరం రాయడం, అన్నీ మార్చిలోపల ముగించాలి.

ఆ పిల్ల మూడో తరగతి నుంచీ నా దగ్గరే చదివింది; ఆ పిల్లలతో పాటే నాకూ ఏటా పై తరగతి ఇచ్చారు. తండ్రి లేడు. తల్లి గార్మెంట్స్‌లో మిషను కుడుతుంది. ఎప్పటినుంచో ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళు. పిల్ల ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడేది. నా క్లాసులో ఇంగ్లీషులో టకటకా జవాబులు చెప్పేది. ‘చక్కగా చదువుతుంది’ అని ప్రోగ్రెస్ కార్డులో మూడేళ్ళూ నా చేత్తోనే రాశాను.

జనవరిలో ఒకరోజు జీర్ణవ్యవస్థ పాఠం పైకి చదవమన్నాను. లేచి నిలబడి చదవసాగింది. బెంచీల మధ్య నడుస్తూ ఆమె పక్కకు వచ్చి పుస్తకంలోకి చూశాను. అది ఎవరో వాడేసిన పాత పుస్తకం. చిన్న పేగు గురించి ఉండాల్సిన పేజీ చిరిగిపోయి ఉంది. పిల్ల మాత్రం ఆ లేని పేజీని ఒక్క మాట పొల్లుపోకుండా చదువుతోంది.

మధ్యాహ్నం భోజనాలప్పుడు దగ్గరికి పిలిచాను. ఆమె ఎప్పుడూ చూడని ఒక కథల పుస్తకం తెరిచి, మొదటి వాక్యం చదవమన్నాను. పిల్ల నా ముఖంలోకి చూసింది. ఆ తరువాత తల దించుకుంది.

“అక్షరాలు తెలుసు మిస్. కలిపి చదవాలంటే రాదు.”

“మరి పరీక్షలు ఎట్లా రాస్తున్నావు?”

“మీరు ఇచ్చిన క్వశ్చన్లే కదా మిస్ వచ్చేది. ఫస్ట్ మాట పొడుగుదా, పొట్టిదా అని చూస్తా. స్పెల్లింగ్ అంతా బైహార్ట్ చేసుంటా. మీరో, పక్కింటి అక్కో రెండుసార్లు చదివితే చాలు, వచ్చేస్తాది.”

పేజీలకు పేజీలు అక్షరం అక్షరంగా తలలో పెట్టుకున్న పిల్లకు, నాలుగు మాటలు చదవడం ఎవరూ నేర్పలేదు. ఎవరూ అంటే ఎవరో కాదు, నేనే.

“అమ్మకు చెప్పొద్దు మిస్. అందరితోనూ చెప్పుకోని ఉండాది, నా కూతురు బాగా చదువుతాదని.”

చెప్పనన్నాను. రోజూ బడి వదిలాక అరగంట ఉండమన్నాను. గదుల్లో ట్యూషన్లు జరుగుతాయి కాబట్టి ఇద్దరం మేడమెట్ల మీద కూర్చునేవాళ్ళం. చిన్న చిన్న ఇంగ్లీషు మాటలతో మొదలుపెట్టాను. ఆమె బుర్ర ఎంత చురుకైనదంటే, అదే మాకు అడ్డమైంది. ఒకసారి చూపించిన మాట బొమ్మలా గుర్తుండిపోయేది. అందులో ఒక్క అక్షరం మారిస్తే మళ్ళీ తెల్లమొహం వేసేది. అందుకని రోజూ కొత్త మాటలు రాసుకొచ్చేదాన్ని. ఫిబ్రవరి మొదట్లో ఒక సాయంత్రం, అప్పటిదాకా నేను చూపించని మాటను పెదాలు కదుపుతూ, ఒక్కో శబ్దం కూడబలుక్కుని చదివింది. ‘లాంప్’. చదివాక నిజమేనా అన్నట్టు నావైపు చూసింది. ఆ పిల్ల అంతగా నవ్వడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

ఆ వారమే ప్రిన్సిపాల్ పిలిచాడు. “పోర్షన్ వెనకబడింది మేడమ్. రివిజన్ స్టార్ట్ చేయండి. సాయంత్రాలు ప్రశ్నపత్రాలు తయారుచేయాలి.” ఆ పిల్ల సంగతి చెప్పాను. ఆయన ఆమె మార్కులు తీయించి చూశాడు. “ఎ గ్రేడ్ పిల్ల మేడమ్ ఇది. లేని సమస్య తెచ్చుకోకండి.”

రెండు వారాలు ఆగుదాం, తరువాత చూద్దాం అనుకున్నాను. ఆ మాట పిల్లకు కూడా చెప్పకుండా స్టాఫ్ రూమ్‌లో కూర్చుండిపోయాను. పదిరోజుల తరువాత బడి ఆయా అడిగింది.

“ఏం మిస్, ఆ పాప దినామూ మెట్ల మీద కూర్చోని ఉండాదే? మీరు వస్తారంటాది. నేను గేటు మూసేటప్పుడు లేపి పంపిస్తా ఉండాను.”

మర్నాడు వెళ్ళి కూర్చున్నాను. నేర్చుకున్నది చాలావరకు జారిపోయింది. అప్పటికి పరీక్షలు నెత్తిమీదికి వచ్చేశాయి. “పరీక్షలు అయిపోనీ మిస్, నేను బైహార్ట్ చేసుకుంటాలే,” అని ఆమే నన్ను సముదాయించింది.

అన్నిట్లోనూ ఎ గ్రేడే వచ్చింది. తల్లి మల్లెపూలు, ఒక డబ్బా నిండా చిత్రాన్నం తెచ్చింది. “మీ పుణ్యం మిస్. నా బిడ్డ నా మాదిరి మిషను కాడ కూర్చోదు.” అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. పూలు తలలో పెట్టుకున్నాను.

వేసవి సెలవుల్లో, ఆరో తరగతిలో చేర్చడానికి వాళ్ళు ఒక పెద్ద బడికి వెళుతూ, ఇంగ్లీషు మాట్లాడటానికి నన్ను తోడు రమ్మన్నారు. పిల్లకు ఒక కాగితం ఇచ్చి లోపల కూర్చోబెట్టారు. గంట తరువాత అక్కడి టీచరు ఆ కాగితాన్ని నా ముందు పెట్టింది. వర్షం గురించి ఒక పేరా, కింద ప్రశ్నలు. జవాబుల చోట పిల్ల గుండ్రటి అక్షరాలతో జీర్ణవ్యవస్థ గురించి రాసింది. ఆ కింద రాజ్యాంగం. ఒక్క స్పెల్లింగ్ తప్పు లేదు.

“చదవడమే రాదు. నాలుగో తరగతిలో కూడా చేర్చుకోలేం,” అంది టీచరు కన్నడంలో.

తల్లికి ఆ మాట అర్థమైంది. నావైపు తిరిగింది. “మరి ఇన్నేండ్లూ ఏం నేర్పితిరి మిస్?”

పిల్ల, తల్లి కొంగు పట్టుకుని, “మిస్‌ది తప్పు లేదమ్మా. నాకే రాదు,” అంది. తల్లి ఆమె చెయ్యి పట్టుకుని గేటు దాటి వెళ్ళిపోయింది.

ఎక్కడో సర్కారు బడిలో చేర్చారని, నెల తిరక్కుండానే పిల్ల వెళ్ళనని మొరాయించిందని ఆయా చెప్పింది. వాళ్ళ గదికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి తాళం వేసి ఉంది. రెండోసారి పిల్ల కిటికీలోంచి నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు కొట్టాను. తెరవలేదు.

ఈ ఏడు కూడా నాకు ఐదో తరగతే ఇచ్చారు. జూన్‌లోనే ఒక్కొక్కరినీ పిలిచి తెలియని పుస్తకం చదివించాను. నలుగురికి రాదు. ప్రిన్సిపాల్‌కు చెప్తే, ముందు పోర్షన్ చూడండి అన్నాడు. పొద్దున బోర్డు మీద ప్రశ్నలూ జవాబులూ రాస్తాను. ఆ నలుగురూ అందరికంటే శ్రద్ధగా నోటుబుక్కుల్లోకి ఎక్కించుకుంటారు. సాయంత్రాలు వాళ్ళతో కూర్చోవాలని రోజూ అనుకుంటాను. ఇప్పటికి మూడుసార్లు కూర్చున్నాను.