కదులుతున్న వేలు

2022లో హనుమకొండ చౌరస్తా దగ్గర, ఒక బట్టల దుకాణం పైఅంతస్తులో మా చిన్న గేమ్ కంపెనీ నడిచేది. ఉన్నది ఆరుగురం. కరెంటు పోతే ఆరుగురమూ మెట్ల మీదికి చేరేవాళ్లం. ఫోన్లో ఆడే ఒక తెలుగు ఆటకు పజిల్స్ తయారుచేయడం నా పని. ఆటలో ఒక కోట, కోటలో తలుపు తలుపుకీ ఒక రాత. ఆ రాత విప్పితే తలుపు తెరుచుకుంటుంది. ఈ రకాన్ని సబ్‌స్టిట్యూషన్ సైఫర్ అంటారు. ఒక్కో అక్షరానికి బదులు ఒక్కో గుర్తు పెడతాం, అంతే. మా ఆర్టిస్టు సునీల్ ఖిలా వరంగల్ రాళ్ల మీది హంసలూ తీగలూ చూసి ఆ గుర్తులు గీశాడు.

తెలుగులో ఇది అనుకున్నంత సులువు కాదు. గుణింతాలన్నిటికీ వేరు వేరు గుర్తులు పెడితే ఆడేవాడు మొదటి తలుపు దగ్గరే దండం పెట్టి వెళ్లిపోతాడు. అందుకని హల్లుకు మాత్రమే గుర్తు పెట్టి, దీర్ఘాలూ కొమ్ములూ మామూలుగా వదిలేశాను. తొలి తలుపులకు తాత, మామ, పాప లాంటి మాటలు వాడాను. ఒకే గుర్తు రెండుసార్లు వస్తుంది కాబట్టి పట్టు దొరుకుతుంది. తాతో మామో తేలాలంటే పక్కమాట చూడాలి. అది తేలే క్షణం కోసమే జనం ఇలాంటి ఆటలు ఆడతారు.

ఆటను బయటివాళ్లతో ఆడించి చూడడాన్ని ప్లేటెస్ట్ అంటారు. మనం వెనక కూర్చుని చూడాలి, నోరు విప్పకూడదు. నాలాంటి వాగుడుకాయకు అంతకంటే శిక్ష లేదు.

ఒక శనివారం సునీల్ వాళ్ల నాన్నను తీసుకొచ్చాడు. ఏసుదాసు గారు గూడ్సు బండి గార్డుగా చేసి కాజీపేటలో రిటైరయ్యారు. ఆ శనివారానికి కొన్ని నెలల ముందు ఆయనకు స్ట్రోక్ వచ్చింది. నడక, మాట, చూపు బాగానే ఉన్నాయి, చదవడం ఒక్కటే పోయింది. పేరు రాయమంటే చక్కగా రాస్తారు, రాసినదాన్ని చూపిస్తే అదేమిటో చెప్పలేరు. అక్షరాన్ని పోల్చుకునే దారి మెదడులో దెబ్బతిందన్నారట డాక్టర్లు. వేలితో అక్షరం మీద దిద్దితే మాత్రం ఆయనకు తెలుస్తుంది. మా ఆటలో గుర్తును వేలితో దిద్ది, దాని కింద అక్షరం రాయాలి. సునీల్‌కు అందుకే ఆశ పుట్టింది.

ఆయన కోరిక ఒకటే. కోత పండుగ నాడు వాళ్ల చర్చిలో బైబిల్ వాక్యం చదివేది ఏళ్ల తరబడి ఆయనే. మిగతా ఆదివారాలు డ్యూటీ ఎక్కడ పడినా ఆ రోజుకు సెలవు పెట్టుకునేవారట. ఈసారి కూడా తానే చదవాలి.

ఆయన హంస బొమ్మ మీద వేలుపెట్టి నెమ్మదిగా దిద్దుతున్నారు. ఇంతలో ఆటో హింట్ వచ్చింది. ఆడేవాడు కాసేపు ఏమీ రాయకపోతే ఆటే జాలిపడి ఒక అక్షరాన్ని పైకి చెప్పేస్తుంది. ‘త’ అంది ఫోను. ఆయన ఫోనును బల్ల మీద బోర్లించారు.

“నేనడిగిన్నా, బిడ్డా?”

హింట్ ఆపేసి ఇంకో తలుపు ఇచ్చాను. తెప్పించిన టీ చల్లారిపోయింది, వేలు మాత్రం ఆగలేదు. మొదట ‘మామ’ అన్నారు. పక్కమాట దిద్ది చూసుకుని, కాదు కాదు, ‘పాప’ అన్నారు. ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆటో హింట్ తీసేద్దామని మా బాస్ మురళితో గొడవపడ్డాను. ఇరుక్కున్నవాడు ఆట వదిలేసి పోతాడని ఆయన వాదన. అడగందే అమ్మైనా పెట్టదు, మన హింట్‌కెందుకు అంత తొందర అన్నాను. తర్వాత చూద్దామన్నారు.

ఏసుదాసు గారు ఆటలో తలుపులన్నీ దాటేసి, ఇంట్లో అచ్చు అక్షరాల మీద వేలు పెట్టడం మొదలుపెట్టారు. గంటకు నాలుగైదు లైన్లు వస్తున్నాయని సునీల్ సంబరపడ్డాడు. ఎవరికీ నోటికి రాని భాగం ఇవ్వమని ఆయన పాస్టరు గారిని అడిగారట, నోటికి వచ్చింది అప్పజెబితే అది చదవడం కాదని. పాస్టరు గారు మంచి మనిషి. మంచితనం కొద్దీ, చర్చిలో చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చిన కీర్తననే ఇచ్చారు.

కోత పండుగకు నేనూ వెళ్లాను. ముందు కానుకగా వచ్చిన వరి కంకులు, గుమ్మడికాయలు పేర్చారు. ఏసుదాసు గారు ఇస్త్రీ చొక్కాతో వచ్చి గ్రంథం తెరిచి వేలు పెట్టారు. తలచుకుంటే కళ్లు మూసుకుని చెప్పేయగలరు, కానీ అలా చెయ్యలేదు. మొదటి మాట వచ్చింది. చాలాసేపటికి రెండోది వచ్చింది. తర్వాత ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. పిల్లలు వెనక్కి తిరిగి పెద్దల మొహాలు చూడసాగారు. నాకు మాత్రం ఆయన వేలు కనిపిస్తూనే ఉంది. అది కదులుతోంది. వేలు కదులుతున్నంతసేపూ మనిషి ఇరుక్కున్నట్టు కాదు, నా వృత్తిలో నాకు ఖాయంగా తెలిసింది అదొక్కటే. ఆ మాట లేచి చెప్పడానికి అది నా ఆఫీసు కాదు.

మొదటి వరసలో ఉన్న ఆయన భార్య, రూతమ్మ ఆంటీ, తట్టుకోలేక మూడో మాట మెల్లిగా అందించింది. పక్కవాళ్లు నాలుగోది అన్నారు. ఆ తర్వాత చర్చి అంతా ఒక్క గొంతుతో, ఎంతో ప్రేమగా, కీర్తన చివరిదాకా చెప్పేసింది. ఆయన వేలు అక్కడే ఆగిపోయింది.

బయట గుమ్మడికాయల వేలం పాట జరుగుతుంటే గోడ పక్కన నిలబడి నాతో అన్నారు.

“మూడో మాట కాడనే ఉన్న, బిడ్డా. ఆళ్లు ముగించిన్రు. ఎవలదీ తప్పు గాదు, అందరికీ నేనంటె పాణం.”

ఆ చలికాలంలో రెండో స్ట్రోక్ వచ్చింది. ఈసారి కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో దిద్దమని సునీల్ బతిమాలినా ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం రూతమ్మ ఆంటీ వాక్యం చదివి వినిపిస్తుంది, ఆయన గోడవైపు తిరిగి వింటారు.

మురళి ఆటో హింట్ తీసేయడానికి ఒప్పుకున్నారు. ఇప్పుడు మా ఆటలో హింట్ పిలిస్తేనే వస్తుంది. ఈ ఆట అసలు సాయమే చెయ్యదని కొందరు తిడుతూ రాస్తారు. తిట్టనీ.

మొన్న చూడబోయినప్పుడు ఆంటీ నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి అడిగింది. “నేను జర ఆగి ఉంటె, ఆయన సదువుతుండెనా, బిడ్డా?”

తెలియదు ఆంటీ, అన్నాను. అడగందే హింట్ ఇవ్వకూడదని ఆ ఏడు నేర్చుకున్నాను. ఆమె అడిగింది. అయినా ఇవ్వలేకపోయాను.