నునుపు మేస్త్రి కట్టిన పక్షిగూళ్లు

ఆ వడ్రంగిని అందరూ నునుపు మేస్త్రి అనేవారు. ఆయన చేసిన బల్ల మీద ఈగ వాలినా జారిపడుతుందని వేళాకోళం. ఆయన మాత్రం దాన్ని పొగడ్తగానే జమకట్టుకున్నాడు.

సముద్రపు ఒడ్డున కొండ నెర్రెల్లో గుడ్లు పెట్టే పొడుగుతోక తెల్లపక్షుల కోసం ఆరు చెక్కగూళ్లు కావాలంటూ పక్షులశాఖ ఆఫీసరమ్మ ఆయన కొట్టుకు వచ్చింది.

"ఈ పక్షుల కుటుంబంలో లోకం మొత్తమ్మీద ఉన్నవి మూడు రకాలే, మేస్త్రీ. ఒకప్పుడు టోపీలకు కుచ్చుల కోసం వీటి తోకలు పీకారు. ఓడల్లో వచ్చిన ఎలుకలు గుడ్లు తినేశాయి. ఇంకా అంతరించిపోయే జాబితాకైతే ఎక్కలేదు, తగ్గిపోతున్నాయంతే. మన కొండ మీదే రెండేళ్లుగా ఒక్క గుడ్డూ లేదు. ఈ ఏడూ లేకపోతే 'ఖాళీ కొండ' అని రాసెయ్యాలి. రాళ్లు కొట్టేవాళ్లు కాచుక్కూర్చున్నారు."

మేస్త్రికి పౌరుషం వచ్చింది. చిత్రిక పట్టాడు, గరుకు కాగితంతో రుద్దాడు. గూటి అడుగుచెక్క అద్దంలా మెరిసేదాకా వదల్లేదు.

"ఏమయ్యా, ముప్ఫయ్యేళ్ల కాపురంలో నా మంచంకోడుకు చిత్రిక తగల్లేదు. పక్షికి రాజభవనమా?" అంది భార్య.

"ఊరుకోవే, సవతిని చూసినట్టు చూస్తావు!"

గూళ్లు కొండెక్కాయి. పక్షులూ వచ్చాయి. మొగుడూపెళ్లాలిద్దరూ బండచాటున కూర్చుని చూశారు. ఆ పక్షి కాళ్లలో నిలబడే సత్తువ ఉండదు, రొమ్ము ఆనించి పాకాలి. నున్నటి చెక్క మీద అది కాళ్లు తన్నుకుని, జర్రున జారి, వెనకగోడకు కొట్టుకుని, కీచుమని తిట్టుకుంటూ ఎగిరిపోయింది. దాని వెనక వచ్చినదీ అంతే.

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "గూడు కాదయ్యా, జారుడుబల్ల చేశావు! గుడ్డు పెడితే దొర్లుకుంటూ మనింటికే వస్తుంది."

మేస్త్రి మొహం మాడిపోయింది. మర్నాడు ఉలి పట్టుకుని వెళ్లాడు గాని, సొంత పనికి గాట్లు పెట్టడానికి చెయ్యి ఆడలేదు. చివరికి కళ్లు మూసుకుని ఆరు గూళ్లలోనూ ఎడాపెడా చెక్కాడు. పైన ఇసుక పోశాడు.

నెల తర్వాత ఆఫీసరమ్మ మేస్త్రిని వెంటబెట్టుకుని కొండెక్కి, బోర్లా పడుకుని మూడో గూట్లోకి టార్చి వేసింది. మరుక్షణం కెవ్వుమంది. లోపలి పక్షి ముక్కుతో ఆమె వేలు పట్టేసింది.

"గుడ్డుంది మేస్త్రీ! పొదుగుతోంది!" వేలు నోట్లో పెట్టుకుని నవ్వుతూ, రెండో చేత్తో పుస్తకం తీసింది. "కొండ ఖాళీ కాదు. గూడు కట్టినవారి పేరూ రాస్తాను, చెప్పండి."

మేస్త్రి వంగి, ఆ వంకరటింకర గాట్లను ఓసారి చూసుకున్నాడు.

"నా పేరెందుకులెండమ్మా," అన్నాడు నీళ్లు నములుతూ, "ఎవరో కొత్తగా పని నేర్చుకునేవాడు చేశాడని రాసుకోండి."